సున్నం కొట్టిన ప్రపంచం

జన్నివలసకు ముందు గీత వచ్చింది. దాని వెనకాల ఆఫీసు వచ్చింది. మిల్లు మళ్లీ తెరుస్తారేమోనన్న ఆశ మాత్రం ఆ రెండిటికన్నా ముందే వచ్చి గేటు దగ్గర నిలబడింది.

ఆ గీత సామాన్యమైన గీత కాదు. లారీ మీద పడుకోబెట్టి, మోకులతో కట్టి తెచ్చిన ఇనప బోర్డు మీద గీసిన ఎర్ర గీత. ఎడమ చివర ఆకాశంలో మొదలై, కుడి చివరికొచ్చేసరికి నేలలోకి దిగబడిపోయింది. పార్కులో పిల్లల జారుడుబల్ల అచ్చం అలాగే ఉంటుంది. దాన్ని మిల్లు పొగగొట్టానికి ఆనించి నిలబెడుతుంటే వెనక షెడ్డులోంచి లెంక సన్యాసమ్మ బయటికొచ్చి, కొంగుతో మొహం తుడుచుకుని తేరిపార చూసింది.

సన్యాసమ్మ ఆ మిల్లులో కుట్టు సెక్షన్‌లో పనిచేసిన మనిషి. చుట్టుపక్కల మెట్ట పొలాల్లో పండే గోగునార ఆ మిల్లుకొచ్చేది, గోనె సంచులై బయటికి పోయేది. మిల్లు కూత విని ఊరు ఎసరు పెట్టుకునేది. తర్వాత మిల్లు మూతపడింది. ఎందుకు మూతపడిందని అడిగినవాళ్లకి లాఠీ దెబ్బలు తగిలాయి గానీ జవాబు దొరకలేదు. ధర్నాలు చేసి చేసి, చివరికి వెనకవైపు ఒక్క షెడ్డు, తుప్పు పట్టిన కాసిని మగ్గాలు మాత్రం కార్మికుల సంఘానికి సంపాదించారు. సంఘానికి సన్యాసమ్మ అధ్యక్షురాలు. మగ్గాల చప్పుడు మీంచి వినబడే గొంతు ఆవిడ ఒక్కదానికే ఉంది కాబట్టి ఎన్నిక ఏకగ్రీవం. చుట్టుపక్కల ఊళ్ల ధాన్యానికి కావలసిన సంచులు ఆ షెడ్డే నేసి, కుట్టి ఇస్తోంది. అంత పెద్ద మిల్లుకి మిగిలిన ప్రాణం అదే.

గీత నిలబడ్డాక జీపు వచ్చింది. జీపులోంచి చక్రధరరావుగారు దిగారు. వాటా పునరుద్ధరణ ప్రత్యేకాధికారి. ఆయన బోర్డు కింద నిలబడి మైకు లేకుండానే మైకులో మాట్లాడినట్టు మాట్లాడారు.

"సోదర సోదరీమణులారా! రెండున్నర శతాబ్దాల పూర్వం, భూగోళంపై తయారయ్యే సరుకులో ఇంచుమించు నూటికి పాతిక వంతు ఈ నేల మీద తయారయ్యేదని పెద్దల అంచనా. నేడు? రూపాయిలో మూడు పైసల చిల్లర! ఈ ఘోర పతనాన్ని ప్రభుత్వం ఉపేక్షించజాలదు. పోయిన వాటాను తిరిగి రాబట్టుటకై, తక్షణం అమల్లోకి వచ్చునట్లు, వాటా పునరుద్ధరణ శాఖను నెలకొల్పడమైనది."

అందరూ చప్పట్లు కొట్టారు. సన్యాసమ్మ కొట్టలేదు.

"బాబూ, పోయినదంతా ఎవులు పట్టుకుపోనారు?"

"చారిత్రక శక్తులమ్మా."

"వోళ్ల మీద కేసెట్టినారా?"

చక్రధరరావుగారు ఎండవైపు చూసి నవ్వారు.

"పోనీండి. మిల్లు తెరిసీయండి బాబూ. మెషీన్లు తిరిగితే సరుకొస్తాది, సరుకొస్తే మీ గీత దానంతటదే లెగుస్తాది."

"చూడమ్మా, నువ్వు చెప్పేది ఉత్పత్తి. ఉత్పత్తి వేరే శాఖ. మాది వాటా శాఖ. వేరే శాఖ పనిలో మేము జోక్యం చేసుకోరాదు."

పక్కనున్న మగ్గాల మేస్త్రీ కోరాడ తవుడు సన్యాసమ్మ చెవిలో గొణిగాడు. "అప్పా, ఈ బాబు వొండకుండా వొడ్డించీ రకంలాగున్నాడు."

పాత మేనేజరు బంగళాలో ఆఫీసు పెట్టారు. చక్రధరరావుగారు వారం పాటు గీతని, గీత చక్రధరరావుగారిని చూసుకున్నారు. ఆయన తెలివి తక్కువ మనిషి కాదు. అదే వచ్చిన చిక్కు. వాటా అనగా భిన్నం అని ఆయన గ్రహించారు. పైన మనం ఉంటాం, కింద ప్రపంచం ఉంటుంది. పైదాన్ని పెంచాలంటే కరెంటు కావాలి, నార కావాలి, కూలి కావాలి, వాటికి నిధులు కావాలి, నిధులకి మంజూరు కావాలి. కిందిదాన్ని తగ్గించడానికి ఎవరి మంజూరూ అక్కర్లేదు. ప్రపంచాన్ని తగ్గించరాదని ఏ నిబంధనలోనూ రాసిలేదు.

మర్నాడే పెయింటర్లు వచ్చి, మిల్లు ప్రహరీగోడకి బయటవైపు, రోడ్డున పోయే ప్రజలు చూసి పులకించేలా, ప్రపంచపటం వేశారు. మెరిసే ఎనామిల్ రంగులు. దేశానికొక రంగు. పిల్లలు గోడ పట్టుకుని నడిచి ప్రపంచాన్ని చుట్టేశారు.

తర్వాత అన్ని దేశాలకీ ఉత్తరాలు వెళ్లాయి. మీ మీ ఉత్పత్తి వివరాలను పక్షం రోజుల్లోగా, నిర్ణీత నమూనాలో, మూడేసి ప్రతులు, తెలుగులో పంపవలసినది. జవాబు రాని పక్షంలో మీరు ఉత్పత్తి చేయుట లేదని భావించబడును.

ఏ దేశమూ జవాబివ్వలేదు.

వాచ్‌మన్ సింహాద్రికి బకెట్టు, చీపురు కుంచె ఇచ్చారు. మిల్లు ఉన్నప్పటి నుంచీ ఆ గేటు కాసిన మనిషి అతను. బకెట్లోకి తొంగిచూసి బుర్ర గోక్కున్నాడు.

"బాబూ, ఆయిల్ రంగు మీద సున్నం నిలవదండి. తెల్ల పెయింటు ఇప్పించండి."

"మరమ్మతుల పద్దు కింద సున్నానికే అనుమతి ఉన్నదయ్యా. కొట్టు."

సింహాద్రి కొట్టాడు. పొద్దున్న జర్మనీ పోయింది. టిఫిన్ తర్వాత జపాన్ పోయింది. చైనాకి మధ్యాహ్నం దాకా పట్టింది, సింహాద్రి మధ్యలో రెండు బీడీలు కాల్చుకున్నాడు. అమెరికా దగ్గర సున్నం చాలక మళ్లీ కలపాల్సి వచ్చింది. సాయంత్రానికి గోడంతా మల్లెపూవులా తెల్లగా ఉంది, మన దేశం ఒక్కటే మధ్యలో పచ్చగా వెలుగుతోంది. బోర్డు మీద గీత ఒక్క గంతు వేసి ఆకాశానికి ఎక్కింది. ఆఫీసులో లడ్డూలు పంచారు.

షెడ్డులో ఆ రోజు ఎన్ని సంచులు కుట్టారో మర్నాడూ అన్నే కుట్టారు. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

ఇంతటితో ఆగినా బాగుండేది. కానీ రాజధానిలోని పెద్దాఫీసు చక్రధరరావుగారి పద్ధతిని మెచ్చుకుని, అన్ని రాష్ట్రాలకీ, అన్ని జిల్లాలకీ పంపింది. ఇక ఎవరి గోడ వాళ్లు వేసుకున్నారు, ఎవరి సున్నం వాళ్లు కలుపుకున్నారు. ఏ జిల్లా వాటా ముందుంటే ఆ జిల్లా అధికారికి ప్రమోషన్. చక్రధరరావుగారు ముందు మిగతా రాష్ట్రాలని తీసేశారు. ఆ రోజు గోడ దగ్గర తవుడు చాలా గొడవ చేశాడు.

"ఒరే సింహాద్రీ! మా బామ్మర్ది సూరత్‌లో ఉన్నాడ్రా, మిల్లులో పని సేస్తన్నాడు. వోడి మీద కూడా సున్నం కొట్టీసినావా?"

"నానేటి సెయ్యను తవుడూ. పైనుంచి ఆర్డరు. మీ బామ్మర్దికి ఫోన్ సేసి సూడు, మోగితే ఉన్నట్టే."

మోగింది. చక్రధరరావుగారికి ఆ విషయం తెలియపరిచారు. ఫోను మోగుట ఉత్పత్తికి సాక్ష్యం కాదని ఆయన రాతపూర్వకంగా తెలియజేశారు.

జిల్లాలు పోయాయి. మండలాలు పోయాయి. చివరికి ఒకరోజు, ప్రపంచం అనగా జన్నివలస మిల్లు ప్రహరీ లోపలి స్థలము అని ఉత్తర్వు వచ్చింది. ప్రపంచపటం ప్రహరీకి బయటవైపు ఉంది కాబట్టి ప్రపంచపటం ప్రపంచానికి బయటే ఉండిపోయింది. దాన్నెవరూ పట్టించుకోలేదు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ప్రపంచంలో తయారయ్యే సరుకంతా ఇప్పుడు ఒక్క షెడ్డులోనే తయారవుతోంది. నూటికి నూరు! పాత పాతిక వంతు ఏ మూలకి?

సన్యాసమ్మని కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు.

"ప్రపంచంలోకెల్లా అతి పెద్ద ఉత్పత్తిదారురాలైన శ్రీమతి సన్యాసమ్మగారికి..." అని మొదలుపెట్టారు చక్రధరరావుగారు.

ఆవిడ శాలువా అంచు తిప్పి చూసింది. "బాబూ, ఇది ఎక్కడిదండీ? ప్రపంచంలోదైతే కాదు. ఇక్కడ మేం సంచులే నేస్తాం."

ఫొటో తీసే మనిషికి నవ్వొచ్చి ఫొటో కదిలిపోయింది.

ఈ తమాషా మర్నాడు గేటు దగ్గర ఆగిపోయింది.

గొర్లె రామినాయుడు ట్రాక్టరు తీసుకొచ్చాడు. చుట్టుపక్కల వరి కోతలైపోయాయి. ధాన్యం కళ్లాల్లో రాశులు పోసి ఉంది. సముద్రంలో వాయుగుండం పడిందని పొద్దుటినుంచీ రేడియో ఒకటే గోల. ధాన్యం సంచుల్లోకెక్కి మార్కెట్ గోడౌనుకి చేరితేనే ఆ ఏటి కష్టం దక్కుతుంది. తడిసిందంటే మొలకలొస్తాయి, పశువులు కూడా ముట్టవు. వానకి ముందే సంచులిస్తానని సన్యాసమ్మ రామినాయుడికి, అతని ఊరివాళ్లకి మాటిచ్చింది. షెడ్డులో ఆడవాళ్లు నడుములు పడిపోయేలా కుట్టారు. షెడ్డు పక్క గోడౌన్లో సంచుల కట్టలు పైకప్పు అంటుకుంటున్నాయి.

గేటుకి తాళం ఉంది.

"ఏట్రా సింహాద్రీ, తియ్యి."

"సరుకు బయటికెల్డానికి లేదంటప్పా."

"ఎందుకురా?"

"బయట లేదంట."

సన్యాసమ్మ తిన్నగా బంగళాకెళ్లి చక్రధరరావుగారిని చెయ్యి పట్టుకోకుండా చెయ్యి పట్టుకున్నంత పని చేసి గేటు దాకా తీసుకొచ్చింది. ఆకాశం తూర్పున కాటుక పూసినట్టు ఉంది.

"అమ్మా, అర్థం చేసుకో. ప్రపంచం ఈ గేటు దగ్గర ముగియుచున్నది. లేని ప్రదేశానికి సరుకు రవాణా చేయుటకు నిబంధనలు అంగీకరించవు. పైగా సరుకు గోడౌన్లో ఉంటేనే లెక్కకొస్తుంది. ఎల్లుండి రాజధాని నుంచి ఉన్నతాధికార బృందం మన నూటికి నూరును చూడ్డానికి వస్తోంది. ఒక్క సంచి కదిలినా ప్రమాదం."

"బయట లేదా? మరి ఈ రామినాయుడెవులు బాబూ?"

చక్రధరరావుగారు గేటు వైపు చూడకుండా చూశారు. "గేటు వెలుపల ఎవరైనా ఉన్నట్టు మా దగ్గర సమాచారం లేదు."

రామినాయుడికి ఒళ్లు మండింది. ఊచల్లోంచి చెయ్యి దూర్చి ఆడించాడు. "ఇదిగోండి బాబూ! కనబడతన్నానా?"

అధికారిగారు ఆ చేతిని కాసేపు పరిశీలించారు. "మోచేతి వరకు ప్రపంచంలోకి వచ్చినది. మోచేతి వరకు వినతిపత్రం స్వీకరించవచ్చు."

"నా ధాన్యం మోసేతి కాడ లేదండీ, కళ్లంలో ఉన్నాది!" అని అరిచి, రామినాయుడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కోపం తగ్గాక ఊచలకి తల ఆనించాడు. "సెల్లే, నీ మాట నమ్మి నాను బయట సంచులు కొన్లేదు. ఊరంతా నాలాగే ఉన్నారు. రేపటేల దాటితే అయిపోనాది."

సన్యాసమ్మ తాళం పట్టుకుని ఒక్క ఊపు ఊపింది. ఒక్కసారి ఇచ్చిన మాట పోయిందంటే ఆ షెడ్డు దగ్గరికి మళ్లీ ఏ రైతూ రాడు. రైతు రాకపోతే షెడ్డు కూడా మిల్లు దారే పడుతుంది. అప్పుడు నిజంగానే గేటు లోపల ఏమీ ఉండదు.

మర్నాడు పొద్దున్నే చినుకులు మొదలయ్యాయి. నార ఏరే ముసలమ్మ ఒకావిడ ఒంట్లో బాగోలేక ఇంటికి బయల్దేరింది. పోతూ పోతూ కట్టలోంచి ఒక సంచి లాగి, ఒక మూలని ఇంకో మూలలోకి దోపి, నెత్తిన తగిలించుకుంది. ఆ ప్రాంతంలో వానొస్తే గొడుగు వెతికేవాళ్లు లేరు. పొలంలోనైనా, మిల్లులోనైనా గోనె సంచి నెత్తినేసుకుని వీపు మీదుగా జారవిడిస్తే అదే గొడుగు, అదే కోటు. ముసలమ్మ గేటు దగ్గరికెళ్లింది. సింహాద్రి గేటుకున్న చిన్న తలుపు తీశాడు, ఆవిడ వెళ్లిపోయింది, వేశాడు. అతను ఆవిణ్ణి పట్టించుకోనేలేదు. ముప్పయ్యేళ్లుగా వానాకాలంలో ఆ గేటులోంచి అలాంటి తలలు వెళ్తూనే ఉన్నాయి.

సన్యాసమ్మ చూసింది. చూసి, షెడ్డులోకి తిరిగి గట్టిగా కేకేసింది.

"ఒలే! అందరూ ఇళ్లకి పదండి! వానొస్తంది, తడిసిపోతారు, నెత్తినేటన్నా ఏసుకోండి!"

అందరికీ అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. వరసగా బయల్దేరారు. గేటు దాటడం, రామినాయుడి ట్రాక్టరు దగ్గర టోపీ తియ్యడం, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి రావడం, మళ్లీ వాన గుర్తొచ్చి నెత్తినేసుకుని వెళ్లడం. కాసేపటికి ఊరు ఊరంతా మిల్లులో ఏదో పని పడినట్టు లోపలికొచ్చింది. బోడి తలలతో లోపలికి, గోనె తలలతో బయటికి. సింహాద్రికి అనుమానమొచ్చింది.

"ఏటి తవుడూ, ఒక్క నెత్తికి అన్ని సంచులా? మెడ విరిగిపోదా?"

"వాన గట్టిదంట్రా. రేడియోలో సెప్పినాడు."

సింహాద్రి ఉద్యోగధర్మం ప్రకారం బంగళాకి పరిగెత్తి అడిగాడు. "బాబూ, నెత్తి మీదున్నది సరుకా, బట్టా?"

చక్రధరరావుగారు రేపటి బృందానికి ఉపన్యాసం తయారు చేసుకుంటున్నారు. తలెత్తకుండానే చెప్పారు. "ఒంటి మీద ధరించినది వస్త్రము. వస్త్రధారణ మన శాఖ పరిధిలోకి రాదు. ఇలాంటి చిల్లర విషయాలకి నన్ను కదపకు."

సింహాద్రి తిరిగొచ్చి, గేటు చిన్న తలుపు పూర్తిగా తీసి, దానికి ఇటుక అడ్డం పెట్టాడు. పొద్దు గుంకకముందే రామినాయుడిదీ, ఊళ్లోవాళ్లవీ ట్రాక్టర్లన్నీ సంచులతో కళ్లాలకి చేరాయి.

మర్నాడు చక్రధరరావుగారు బృందం కన్నా ముందు గోడౌన్ చూసుకుందామని తలుపు తీశారు. ఎలుక ఒకటి ఆయన వంక చూసి, తనకీ ఏమీ తెలియదన్నట్టు వెళ్లిపోయింది. షెడ్డులో మగ్గాలు ఆగిపోయి ఉన్నాయి. ఆడవాళ్లంతా నేసిన గోనె పట్టాలు కప్పుకుని బయటికెళ్లిపోయి, గేటెదురు టీకొట్టు రేకుల కింద వరసగా కూర్చుని, సూది దారంతో చేత్తో సంచులు కుడుతున్నారు. ఇంకా కొన్ని కళ్లాలు మిగిలే ఉన్నాయి.

ఆయన ఆఫీసుకి పరిగెత్తి కంప్యూటర్లో అంకెలు కొట్టారు. ప్రపంచ ఉత్పత్తి సున్నా. అందులో మన ఉత్పత్తి సున్నా. సున్నాలో సున్నా ఎంత వంతు? కంప్యూటర్ అడ్డంగా మొరాయించింది. ఆయన దాన్ని బతిమాలారు, ఆపి మళ్లీ పెట్టారు, చివరికి దాని వీపు మీద ఒక్కటేశారు. అది ఏ అంకె కూడా చెప్పలేదు.

వాన కుంభవృష్టిగా మారింది. చక్రధరరావుగారు గొడుగేసుకుని గేటు దగ్గరికొచ్చారు. గాలికి గొడుగు పైకి తిరగబడి తామరపువ్వులా తయారైంది.

"సన్యాసమ్మగారూ! సన్యాసమ్మగారూ!"

టీకొట్టు కింద సన్యాసమ్మ సూది ఆపలేదు. "ఎవులో పిలుస్తున్నట్టున్నార్రా తవుడూ."

"గాలిలే అప్పా. లోపలెవులున్నారు?"

"అమ్మా, లేనివారితో సంభాషించుటకు నాకు అధికారం లేదు. అయినప్పటికీ, విశేష పరిస్థితుల దృష్ట్యా సంభాషించుచున్నాను. లోపలికొచ్చి ఒక్క సంచి కుట్టండి. ఒక్కటంటే ఒక్కటి! నూటికి నూరు వచ్చేస్తుంది. బృందం దారిలో ఉంది!"

"ఒక్క సంచికి నూటికి నూరొచ్చేస్తాదా బాబూ?" సన్యాసమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "మరి అన్ని సంచులకి తాళమెందుకేసినారు?"

"గేటు బార్లా తీసీమనండప్పా, అప్పుడెల్దాం" అన్నాడు తవుడు.

"తీస్తే ప్రపంచం పెరిగిపోతుంది! గీత పడిపోతుంది! నా ప్రమోషన్..." చక్రధరరావుగారి గొంతులోకి వాననీళ్లు పోయి దగ్గొచ్చింది. ఆయన దగ్గుతూ, చిన్న తలుపుకి అడ్డం పెట్టిన ఇటుక తన్నుకుని, తూలి, ప్రపంచం దాటి రోడ్డు మీద పడ్డారు.

సన్యాసమ్మ సూది పక్కనపెట్టి లేచింది. అప్పుడే కుట్టిన సంచి మూల లోపలికి దోపి ఆయన నెత్తిన తగిలించింది.

"ఏసుకోండి బాబూ. బయట వానుంది."

అప్పుడు తవుడు వెర్రికేక పెట్టాడు.

"అప్పా! గోడ సూడు! సూరత్ వొచ్చీసినాది!"

అందరూ తిరిగారు. ఎనామిల్ మీద కొట్టిన సున్నం పాలలా కారిపోతోంది. ముందు పక్క జిల్లాలు బయటపడ్డాయి, తర్వాత సూరత్ వచ్చింది, తర్వాత చైనా వచ్చింది. జపాన్ దీవులు ఒక్కొక్కటిగా తేలాయి. ఆలస్యంగానైనా అమెరికా కూడా వచ్చింది. కాలవలో సున్నపునీళ్లు, గోడ మీద వానకి కడుక్కుని నిగనిగలాడుతున్న ప్రపంచం. పిల్లలు వానలోనే గోడ పట్టుకుని మళ్లీ చుట్టడం మొదలెట్టారు.

సరిగ్గా అప్పుడే కార్లు వచ్చి ఆగాయి. మొదటి కారు అద్దం బెత్తెడు దిగింది. లోపల్నుంచి ఉన్నతాధికారిగారు గోడని చూశారు, గోనె సంచి కింద ఉన్న చక్రధరరావుగారిని చూశారు.

"ఏమిటిది?"

చక్రధరరావుగారు సంచి సర్దుకుని నిటారుగా నిలబడ్డారు.

"సార్, ప్రకృతి వైపరీత్యం సంభవించింది. ప్రపంచం పెరిగింది."

ఉన్నతాధికారిగారు గంభీరంగా తలాడించారు. "ఎంతమేర?"

"పూర్తిగా సార్."

"నష్టం అంచనాలు పంపండి. సహాయం మంజూరు చేయిస్తాం." అద్దం పైకెక్కింది. కార్లు నీళ్లు చిమ్ముకుంటూ వెళ్లిపోయాయి.

ఆ కార్లు పోయిన వైపు నుంచే రామినాయుడు ట్రాక్టరు మీద వచ్చాడు. నిలువునా తడిసి ముద్దయ్యాడు, మొహం మాత్రం వెలిగిపోతోంది. "మా ఊరి ధాన్యం మార్కెట్ గోడౌన్లో పడిపోనాది సెల్లే! గింజ తడవలేదు! పక్కూరోళ్ల కళ్లం ఒక్కటి ఉండిపోనాది, టార్పాలిన్ కింద. కాసిని సంచులుంటే..."

"పద పద" అంది సన్యాసమ్మ. కుట్టినవి కుట్టినట్టే ట్రాక్టరులోకి వేయించింది. తవుడు సింహాద్రి నడుముకున్న తాళంచెవి లాక్కుని, ఎవరినీ అడక్కుండా గేటు రెండు రెక్కలూ బార్లా తీసి, మగ్గాలు తిప్పడానికి షెడ్డులోకి పరిగెత్తాడు. సింహాద్రి ఆపలేదు. తాళం తీసుకెళ్లి సున్నపు బకెట్లో పడేశాడు.

ట్రాక్టరు కదలబోతుంటే సన్యాసమ్మ చెయ్యెత్తి ఆపింది. వెనక్కొచ్చి, గోడవైపు కొయ్యబారి చూస్తున్న చక్రధరరావుగారి ముందు నిలబడింది.

"బాబూ, ఆ సంచి ఇలగిచ్చీయండి."

"ఇది... ఇది ధరించిన వస్త్రం కదమ్మా."

"కాదు బాబూ, ధాన్యానిది" అని ఆయన నెత్తి మీంచి తీసి, నీళ్లు దులిపి, ట్రాక్టరులోకి విసిరింది.